నిద్రపోయే ఎత్తు: సతోపంథ్ తాల్ నడకకు హైదరాబాద్ నుంచి సన్నాహం

(పర్వత నడకలకు సిద్ధమవుతున్నవారి కోసం హైదరాబాద్‌లో ఒక ఆదివారం జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం. చివర్లో సభికుల ప్రశ్నలు.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకొచ్చి కూర్చోండి, చాపలు ఖాళీగానే ఉన్నాయి. గంటన్నర నిలబడితే కాళ్లు గుంజుతాయి, ఆ కాళ్లతో మనకు పని ఉంది.

ముందుగా ఒక మాట అడుగుతాను. ఈ సతోపంథ్ సరస్సు నడకకు ఎన్ని రోజుల సెలవు పెడదామనుకుంటున్నారు? ఐదు... ఐదు... అక్కడ ఎవరో నాలుగు అన్నారు. (నవ్వులు) శనివారం బయల్దేరి, పై వారం ఆదివారం రాత్రికి శంషాబాద్‌లో దిగాలి. ఐదు సెలవులకు తొమ్మిది రోజులు. మన ఊళ్లో ఏ నడకైనా ముందు ఆఫీసు క్యాలెండర్ మీదే పుడుతుంది. నేను ఈ రోజు చెప్పబోయేదంతా ఆ క్యాలెండర్‌తో పేచీ అనుకోండి. బూట్లూ, జాకెట్లూ, మందులూ అన్నీ వస్తాయి, కానీ ఇలాంటి సరస్సుల దారిలో మనిషిని పడేసేది ఎక్కువగా చలీ కాదు, ఎక్కుడూ కాదు. నిన్న రాత్రి ఏ ఎత్తున పడుకున్నాడు, ఈ రాత్రి ఏ ఎత్తున పడుకుంటున్నాడు అన్న తేడా.

సతోపంథ్ తాల్ ఎక్కడుందో చూద్దాం. బదరీనాథ్ దాకా మనవాళ్లు చాలామంది వెళ్లొచ్చారు. గుడి నుంచి మూడు కిలోమీటర్లు ముందుకెళ్తే మాణా ఊరు. అక్కడితో రోడ్డు మనకు అయిపోతుంది. అక్కడి నుంచి పడమరగా, అలకనంద పుట్టే చోటు వైపు, రానూపోనూ సుమారు 50 కిలోమీటర్ల నడక. సతోపంథ్, భగీరథ్ ఖరక్ అనే రెండు హిమానీనదాల మూతుల దగ్గర పుడుతుంది అలకనంద. ఆ సతోపంథ్ హిమానీనదం పక్కన, అది తోసుకొచ్చిన రాళ్ల గుట్టల మధ్య, సుమారు 4,600 మీటర్ల ఎత్తున ఉంది ఈ సరస్సు. మూడు మూలలతో, ఆకుపచ్చగా ఉంటుంది. ఒక్కో మూల బ్రహ్మకు, విష్ణువుకు, మహేశ్వరుడికి అని స్థానికుల నమ్మకం. ఏకాదశినాడు ముగ్గురూ వచ్చి స్నానం చేస్తారంటారు. ఎదురుగా 7,138 మీటర్ల చౌఖంబా, దారిలో 6,596 మీటర్ల నీలకంఠం.

పాండవుల మహాప్రస్థానం ఈ దారినే సాగిందని అక్కడివాళ్లు చెబుతారు. సరస్సు దాటి ఇంకా ముందుకెళ్తే చంద్రకుండ్, సూర్యకుండ్, ఆపైన స్వర్గారోహిణి మెట్లని పిలిచే మంచు వాలు. ఇంటర్నెట్‌లో స్వర్గారోహిణి అని కొడితే హర్ కీ దూన్ లోయ పైన ఉండే శిఖరాలు కూడా వస్తాయి. అవి వేరు, చాలా దూరం. రెండింటినీ కలిపి దారి గీసుకున్న ప్లాన్లు ఉన్నాయి, జాగ్రత్త. తిక్కనగారి మహాప్రస్థానిక పర్వం చదివినవాళ్లకు గుర్తుండే ఉంటుంది: ద్రౌపది, సహదేవుడు, నకులుడు, అర్జునుడు, చివరికి భీముడు. ఒంటి బలం అక్కడ లెక్కలోకి రాలేదు. వైద్యులు చెప్పేది కూడా దాదాపు అదే. ఎత్తు జబ్బు కండలు చూసి రాదు. పైగా బాగా ఫిట్‌గా ఉన్నవాడికే ముప్పు ఎక్కువన్నట్టు కనిపిస్తుంది, ఎందుకంటే వాడు తొందరగా ఎక్కేస్తాడు.

గాలి లెక్క చెబుతాను, రాసుకోండి. ఆక్సిజన్ పాలు ఎక్కడైనా సుమారు 21 శాతమే. తగ్గేది గాలి ఒత్తిడి. హైదరాబాద్ సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడ ఒక్కో ఊపిరికి దొరికే ఆక్సిజన్‌ను 100 అనుకుంటే, 3,100 మీటర్ల బదరీనాథ్‌లో 73, సరస్సు దగ్గర 60. ఈ తేడాకు శరీరం సర్దుకుంటుంది, కానీ దాని వేగం దానిదే. మొదట ఊపిరి వేగం పెంచుతుంది. దాంతో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి క్షారగుణం పెరుగుతుంది. ఆ ఎక్కువైన క్షారాన్ని మూత్రపిండాలు రెండు మూడు రోజులు తీసుకుని బయటికి పంపుతాయి. పైకి వెళ్లాక మాటిమాటికీ మూత్రం రావడం అందుకే, భయపడొద్దు. భయపడాల్సింది రాకపోతే. ఆ రెండు మూడు రోజులను ఏ మేనేజరూ తగ్గించలేడు.

అందుకని పర్వత వైద్యుల నియమం ఇది: 3,000 మీటర్లు దాటాక, ఒక రాత్రికీ తర్వాతి రాత్రికీ పడుకునే ఎత్తులో తేడా 500 మీటర్లు మించకూడదు. మూడు నాలుగు రోజులకోసారి అదే ఎత్తున ఇంకో రాత్రి ఉండాలి. పగలు ఎంత ఎత్తు ఎక్కి దిగినా పరవాలేదు, పడుకునే చోటే లెక్క.

ఇప్పుడు ఈ నియమాన్ని మన దారి మీద పరుద్దాం. మొదటి రోజు హైదరాబాద్ నుంచి డెహ్రాడూన్‌కు విమానం, రాత్రి రిషికేశ్‌లో. రెండో రోజు జోషీమఠ్ దాకా సుమారు 250 కిలోమీటర్ల ఘాట్ రోడ్డు. 1,890 మీటర్లు, పడక అక్కడే. జోషీమఠ్ పేరు ఇప్పుడు అధికారికంగా జ్యోతిర్మఠ్, బోర్డుల మీద రెండూ కనిపిస్తాయి. ఉత్సాహం కొద్దీ అదే రోజు బదరీనాథ్ వెళ్లిపోదామంటారు కొందరు, వెళ్లొద్దు. మూడో రోజు బదరీనాథ్, 3,100. ఒక్క రాత్రికి 1,200 మీటర్ల గంతు. మధ్యలో ఆగడానికి వీలు తక్కువ కాబట్టి ఈ అప్పును నాలుగో రోజు తీర్చాలి: బదరీనాథ్‌లోనే రెండో రాత్రి. ఆ రోజు హోటల్లో దుప్పటి కప్పుకుని పడుకోమని కాదు. మాణా వెళ్లి భీమ్ పుల్ అనే రాతి వంతెన చూసి, వసుధార జలపాతం దాకా నడిచి దిగండి. లేదా గుడి వెనక చరణపాదుక దాకా ఎక్కి రండి. అయిదో రోజు లక్ష్మీవన్, సుమారు 3,650, నియమానికి కాస్త మించి. ఆరో రోజు చక్రతీర్థం, సుమారు 4,150. ఏడో రోజు తెల్లవారుజామున సరస్సుకు ఎక్కి, సాయంత్రానికి చక్రతీర్థానికే దిగి పడుకోవడం. ఎనిమిదో రోజు బదరీనాథ్. తొమ్మిదోది చేతిలో ఉంచుకునే రోజు. పదీ, పదకొండూ కిందికి ప్రయాణం.

పదకొండు రోజులు. శుక్రవారం బయల్దేరి పై వారం దాటాక సోమవారం దిగితే ఏడు సెలవులు. మీ దగ్గర అయిదే ఉన్నాయి. ఇప్పుడు ఏ రెండు రోజులు కోస్తారు? ప్రయాణం కొయ్యలేరు, నడక కొయ్యలేరు. అందరూ కోసేది నాలుగో రోజునూ, తొమ్మిదో రోజునూ. ఆ రెంటిలో ఏమీ ‘జరగదు’ కదా! కానీ నాలుగోది ఎత్తు జబ్బు రాకుండా ఆపే రోజు, తొమ్మిదోది వాన, మంచు, కొండచరియ వస్తే ఆగడానికి మీకు ధైర్యమిచ్చే రోజు. తొమ్మిదో రోజు లేనివాడు మబ్బు పట్టినా పైకే నడుస్తాడు, ఎందుకంటే తిరుగు టికెట్ కొనేసి ఉన్నాడు. అయిదు సెలవులే ఉన్నవాళ్లు ఇంకో దారి చూసుకోండి, తక్కువ ఎత్తున ఎన్నో మంచి నడకలున్నాయి. నిజంగా చెబుతున్నాను, చిన్నబుచ్చడానికి కాదు.

ఎప్పుడు వెళ్లాలి? రెండు అదనులున్నాయి. మే చివరి నుంచి జూన్ మూడో వారం దాకా ఒకటి, సెప్టెంబర్ మధ్య నుంచి అక్టోబర్ మధ్య దాకా ఇంకొకటి. జూన్‌లో మంచు మిగిలి ఉంటుంది. రాళ్ల సందులు పూడి ఉంటాయి కాబట్టి నడక కొంత సాఫీ, కానీ పొద్దున గట్టిగా జారుతుంది, మధ్యాహ్నం మెత్తబడి మోకాలి దాకా దిగుతుంది. బూటుకు తగిలించే ఇనుప ముళ్లు (మైక్రోస్పైక్స్), మంచు బూటులోకి పోకుండా పిక్కలకు చుట్టే గైటర్లు కావాలి. సెప్టెంబర్‌లో ఆకాశం తేటగా ఉంటుంది, మంచు తక్కువ, రాళ్లు ఎక్కువ. జులై, ఆగస్టుల్లో జోషీమఠ్, బదరీనాథ్ మధ్య రోడ్డు మీద కొండచరియలు పడటం మామూలు. ఆ నెలల్లో వద్దు. చలికాలం సంగతి చెప్పక్కర్లేదు: 2025 ఫిబ్రవరి 28న మాణా దగ్గర రోడ్డు పనివాళ్ల శిబిరం మీద మంచుచరియలు విరిగిపడి ఎనిమిది మంది చనిపోయారు. ఊరి పక్కనే.

కాగితాలు. బదరీనాథ్‌కు చార్‌ధామ్ యాత్ర రిజిస్ట్రేషన్ తప్పనిసరి. మాణా దాటి పైకి వెళ్లడానికి జోషీమఠ్‌లో సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్ (ఎస్డీఎం) కార్యాలయం, అటవీ శాఖ అనుమతులు కావాలి. సరిహద్దు దగ్గర ప్రాంతం కాబట్టి గుర్తింపు కార్డుల నకళ్లు నాలుగైదు సెట్లు పెట్టుకోండి. రెండో రోజు సాయంత్రం ఆఫీసు మూశాక చేరితే మూడో రోజు పొద్దున్న దానికే పోతుంది, అది కూడా లెక్కలో ఉంచండి. ఇంకొకటి, చాలామందికి తెలియదు: శాటిలైట్ ఫోన్లు, శాటిలైట్ ద్వారా సందేశం పంపే పరికరాలు మన దేశంలో ప్రభుత్వ అనుమతి లేకుండా తీసుకెళ్తే కేసు అవుతుంది. విదేశాల్లో ఉన్న తమ్ముడు కొనిచ్చాడని బ్యాగులో వేసుకోకండి. గ్యాస్ క్యానిస్టర్లు విమానంలో ఎక్కనివ్వరు, రిషికేశ్‌లో కొనుక్కోవాలి. పవర్ బ్యాంక్ చేతి సంచిలో, నడక కర్రలు కార్గో సంచిలో.

దారి. బదరీనాథ్ నుంచి లక్ష్మీవన్‌కు రెండు వైపులా దారులున్నాయి. ఒకటి మాతామూర్తి గుడి మీదుగా, నదికి కుడి గట్టున, ఆనందవన్, చమ్‌టోలీ పచ్చిక దాటి. రెండోది మాణా, భీమ్ పుల్, వసుధార మీదుగా. ఈ రెండోదాంట్లో ఒక చోట ధానో హిమానీనదం మీద నుంచి అవతలికి దాటాలి. జూన్ మొదట్లో గట్టి మంచు ఉంటే సరే. ఎండలు పడేకొద్దీ ఆ మంచు కింద నీళ్లు తొలుస్తాయి, పైకి మాత్రం ఏమీ తెలియదు. సెప్టెంబర్‌లో మాతామూర్తి వైపే వెళ్లండి, మాణా గైడ్లు కూడా అదే చెబుతారు. లక్ష్మీవన్‌లో భూర్జ చెట్లు ఉంటాయి. మన తాళపత్రాలకు ఉత్తరాది అన్నదమ్ములైన భూర్జపత్రాలు ఈ చెట్ల బెరడే. అక్కడితో చెట్లు ఆఖరు. కట్టెలు కొట్టొద్దని ఇంకా చెప్పాలా?

లక్ష్మీవన్ నుంచి చక్రతీర్థం రోజు పొడవైనది, పది కిలోమీటర్లకు అటూఇటూ. పక్క గోడ మీది నుంచి సన్నని ధారలుగా నీళ్లు దిగే సహస్రధార ఈ మధ్యలోనే వస్తుంది. ఈ దారిలో ఎక్కువ భాగం హిమానీనదం పక్కన అది ఒరుసుకుంటూ పేర్చిన రాళ్ల కట్ట మీద సాగుతుంది. దాన్ని ఇంగ్లిష్ చదువుల్లో మొరెయిన్ అంటారు. చెరువు కట్ట లాంటిదే, కాకపోతే దీన్ని ఎవరూ తొక్కి గట్టి చేయలేదు. మట్టీ, గులకా, ఇంటంత బండలూ అన్నీ కలిసి ఉంటాయి. హిమానీనదం వైపు అంచు కింద మంచు కరిగి ఖాళీ ఏర్పడుతుంది, అంచున సన్నని పగుళ్లు కనిపిస్తాయి. పగులుకు లోపలి వైపునే నడవాలి. ఫొటో కోసం అంచుకు వెళ్లకండి. ఇద్దరు ఎదురుపడితే కొండ వైపు నిలబడి దారివ్వాలి, లోయ వైపు కాదు.

చక్రతీర్థం నుంచి సరస్సుకు నాలుగైదు కిలోమీటర్లే. చూస్తే తక్కువ. కానీ మొదట నిలువుగా ఉన్న గట్టు ఎక్కాలి, ఆ తర్వాత బండలు. కదిలే బండలు. నియమం ఒక్కటే, కాలు పెట్టే ముందు కర్రతో తట్టి చూడాలి, ఒంటి బరువు ఒకేసారి వేయకూడదు. బల్లపరుపుగా, పెద్దగా ఉన్న రాయి స్థిరంగా ఉంటుందనుకుంటాం. దాని కింద మంచు ఉంటే అది తిరగలి రాయిలా తిరుగుతుంది. పొద్దున అయిదింటికి తలదీపం పెట్టుకుని బయల్దేరాలి, పదింటికి సరస్సు. పన్నెండు గంటలకు ఎక్కడున్నా సరే వెనక్కి తిరగాలి. సరస్సు కనిపించే దూరంలో ఉన్నా సరే. ఈ గంటను చక్రతీర్థంలో ముందు రాత్రే అందరి ముందూ చెప్పి ఒప్పించాలి. పైన ఆక్సిజన్ తగ్గిన బుర్రతో పెట్టే ఓటింగు చెల్లదు.

ఎందుకు పన్నెండు? మధ్యాహ్నానికి లోయలోంచి మబ్బు పైకి లేస్తుంది. ఎండకు మంచు కరిగి, అది పట్టి ఉంచిన రాళ్లు దొర్లడం మొదలవుతుంది. పొద్దున చీలమండ దాకా ఉన్న వాగు సాయంత్రం మోకాలు దాటుతుంది. వాగు దాటాల్సి వస్తే సంచి నడుం పట్టీ విప్పాలి, పడితే సంచిని వదిలేయడానికి. ఎగువకు ముఖం పెట్టి, కర్ర ముందు ఆనించి, పక్కకు అడుగులు వేయాలి. బూట్లు తీసి ఒట్టి కాళ్లతో దిగితే చలికి అరికాళ్లు మొద్దుబారతాయి, చెప్పుల్లాంటివి ఏవైనా ఉండాలి.

ఇక్కడ కొంచెంసేపు ఆగుతాను. 2024 జూన్‌లో ఉత్తరకాశీ వైపు సహస్త్ర తాల్ అనే సరస్సుకు వెళ్లిన, ఎక్కువగా కర్ణాటకవాళ్లే ఉన్న 22 మంది బృందంలో తొమ్మిది మంది చనిపోయారు. ఆ సరస్సు ఎత్తు కూడా దాదాపు మనం మాట్లాడుకుంటున్నదే. సరస్సు చూసి వెనక్కి వస్తుండగా మంచు తుపాను పట్టుకుంది. జూన్ నెలలో! మన దక్షిణాది మనసుకు జూన్ అంటే తొలకరి, కాస్త తడిస్తే జలుబు. అక్కడ తడవడం వేరు. గాలి ఉష్ణోగ్రత సున్నా ఉండి, గంటకు 40 కిలోమీటర్ల గాలి వీస్తే ఒంటికి తగిలే చలి మైనస్ 7. అది పొడి ఒంటికి. గాలి కంటే నీళ్లు వేడిని పాతిక రెట్ల వేగంగా లాగుతాయి. తడిసిన నూలు బనియను వేసుకున్నవాడు చన్నీళ్ల తొట్టిని మోసుకు తిరుగుతున్నట్టే.

నూలు మన ప్రాణం, ఒప్పుకుంటాను. మే నెలలో హైదరాబాద్‌లో దాన్ని మించింది లేదు, చెమట పీల్చుకుని చల్లబరుస్తుంది. ఆ గుణమే అక్కడ చంపుతుంది. జీన్స్, నూలు బనియన్లు, నూలు మేజోళ్లు ఇంట్లో వదిలేయండి. ఒంటికి ఆనేది పాలిస్టర్ లేదా మెరీనో ఉన్ని. దాని మీద ఫ్లీస్ అనే వెచ్చటి నూగు జాకెట్. ఆగినప్పుడు వేసుకోవడానికి ఈకలు నింపిన జాకెట్, నడిచేటప్పుడు కాదు, చెమటకు తడిస్తే అది ముద్దవుతుంది. అన్నిటి పైన నీరూ గాలీ ఆపే జాకెట్, ప్యాంటు. పొంచో అనే వాన ముసుగు చవక, కానీ గట్టు మీద గాలికి గొడుగులా లేచి దారి కనబడనివ్వదు. చేతి తొడుగులు రెండు జతలు, ఒకటి తడుస్తుంది కాబట్టి. రాత్రి వేసుకునే పొడి బట్టల జత ఒకటి ప్లాస్టిక్ సంచిలో ముడేసి ఉంచండి. ఏం జరిగినా దాన్ని పగలు వాడకూడదు.

ఒళ్లు చల్లబడిపోతున్నవాడిని ఎలా గుర్తుపట్టాలి? ముందు చిరాకు పడతాడు. తర్వాత చేతిలో వస్తువులు జారతాయి, జిప్పు వేసుకోలేడు. మాట ముద్దగా వస్తుంది. అడుగు తడబడుతుంది. వణుకు ఆగిపోయిందంటే తగ్గినట్టు కాదు, ముదిరినట్టు. వెంటనే గాలి మాటుకు చేర్చి, కింద ఫోమ్ చాప వేసి, తడి బట్టలు తీసి పొడివి తొడిగి, స్లీపింగ్ బ్యాగులో పెట్టాలి. సీసాలో వేడి నీళ్లు పోసి గుడ్డ చుట్టి చంకల్లో, గజ్జల దగ్గర ఉంచాలి. మింగగలిగితే తియ్యటి వేడి టీ. చేతులూ కాళ్లూ రుద్దకూడదు, మద్యం పోయకూడదు.

ఎత్తు జబ్బు గుర్తులు. తలనొప్పి, దానితో పాటు వికారం, నీరసం, తల తిరగడం వీటిలో ఏదైనా ఉంటే అది ఎత్తు జబ్బేనని అనుకోవాలి, కాదని తేలేదాకా. ఎండ దెబ్బ, గ్యాస్, నిద్ర లేదు అని సర్దిచెప్పుకోవద్దు. పారాసెటమాల్, నీళ్లు, విశ్రాంతి. తగ్గేదాకా పైకి ఒక్క అడుగు వేయకూడదు. పెరిగితే దిగాలి. రెండు ప్రమాదకరమైనవి వేరే ఉన్నాయి. మెదడు వాపు: మడమకు వేళ్లు ఆనించి గీత మీద పది అడుగులు నడవమనండి. తూలితే అదే, రాత్రయినా దించాలి. ఊపిరితిత్తుల్లో నీరు: కూర్చుని ఉన్నా ఆయాసం, ఆగని దగ్గు, గులాబీ రంగు నురగ. ఇదీ అంతే. దించడానికి తెల్లవారేదాకా ఆగకండి. 300 నుంచి 1,000 మీటర్లు దిగితే సాధారణంగా తేడా తెలుస్తుంది. డెక్సామెథసోన్, నిఫెడిపిన్ లాంటి మందులు మీ డాక్టరు రాసిస్తే పెట్టెలో ఉంచుకోవచ్చు, కానీ అవి దిగడానికి సాయం, దిగకుండా ఉండటానికి కాదు.

ఎత్తు జబ్బు రాకుండా వేసుకునే డయామాక్స్ మాత్ర గురించి ఎలాగూ అడుగుతారు. అందులోని మందు అసెటజోలమైడ్, 125 మిల్లీగ్రాములు, పూటకొకటి చొప్పున రోజుకు రెండుసార్లు, ఎత్తుకు వెళ్లే ముందు రోజు నుంచి. మన దారిలో అంటే జోషీమఠ్‌లో మొదలు. ఇక్కడ షాపుల్లో ఎక్కువగా 250 దొరుకుతుంది, సగం చేసుకోవాలి. వేళ్లు తిమ్మిరెక్కుతాయి, సోడా చప్పగా అనిపిస్తుంది, మూత్రం ఎక్కువ. సల్ఫా మందులు పడనివాళ్లు డాక్టర్ని అడగకుండా ముట్టుకోవద్దు. హైదరాబాద్‌లోనే ఒకటి రెండు రోజులు వేసి చూసుకుంటే మంచిది, కొత్త మందును కొండ మీద మొదటిసారి మింగకూడదు. నిద్రమాత్రలూ, మద్యమూ అసలొద్దు, నిద్రలో ఊపిరి వేగం తగ్గిస్తాయి. రాత్రి పక్కవాడు ఊపిరి ఆపేసి, కాసేపటికి గట్టిగా పీల్చడం వింటారు. ఆ ఎత్తున అది మామూలే, లేపకండి.

తిండి విషయానికొస్తే, సరస్సు ఎత్తున నీళ్లు సుమారు 85 డిగ్రీలకే మరుగుతాయి. కందిపప్పు గంటన్నర ఉడికించినా పలుకు పలుకే. అన్నం పైన మెతుకు, లోపల బియ్యం. మన ప్రెషర్ కుక్కర్ విజిల్ బరువు బయటి ఒత్తిడికి సుమారు ఒక వాతావరణ ఒత్తిడి కలుపుతుంది. కింద అది లోపల 121 డిగ్రీలిస్తే, అక్కడ 113. అంటే కుక్కర్ ఉంటే అన్నం అవుతుంది, విజిళ్లు ఎక్కువ పెట్టాలి. మూడు లీటర్ల కుక్కర్ మోయడం దండగ కాదు. లేకపోతే ఉప్మా రవ్వ, సేమియా, అటుకులు, పెసరపప్పు. ఆకలి చచ్చిపోతుంది పైన, అది శరీర ధర్మం. అప్పుడు రుచే తినిపిస్తుంది: మూత గట్టి డబ్బాలో ఆవకాయ, పల్లీ పట్టీలు, నువ్వుల ఉండలు, బెల్లం. గంటకోసారి రెండు ముక్కలు నమలాలి. నీళ్లు రోజుకు మూడు నాలుగు లీటర్లు. ఆ నీటిలో రాతి పొడి కలిసి పాలలా ఉంటుంది. గుడ్డలో వడగట్టి, కాసేపు తేరనిచ్చి, మూడు నిమిషాలు మరగనివ్వాలి. క్లోరిన్ బిళ్ల వేస్తే చల్లటి నీటిలో ప్యాకెట్ మీద రాసినదాని కంటే ఎక్కువసేపు ఆగాలి. బ్యూటేన్ మాత్రమే ఉన్న గ్యాస్ డబ్బా సున్నా దగ్గర ఆవిరవ్వడం మానేస్తుంది, స్టవ్ వెలగదు. ప్రొపేన్ కలిసినది కొనండి, రాత్రి స్లీపింగ్ బ్యాగులో పెట్టుకోండి.

స్లీపింగ్ బ్యాగు మీద మూడు అంకెలుంటాయి. కంఫర్ట్ అన్న అంకె చూసి మైనస్ 10 ఉన్నది తీసుకోండి. ఎక్స్‌ట్రీమ్ అన్నది చావకుండా బతికే అంకె, నిద్రపట్టేది కాదు. దుకాణాల్లో పెద్ద అక్షరాలతో చూపించేది ఎక్కువగా అదే.

మోతగాళ్ల విషయం. మాణావాళ్లకు ఆ కొండ వాకిలి లాంటిది. ఒక్కొక్కరితో 20 కిలోలు మించి మోయించకండి. వాళ్లకు బూట్లు, వాన జాకెట్, పడుకోవడానికి గుడారం, బీమా ఉన్నాయో లేదో ఏజెన్సీని డబ్బు కట్టే ముందే అడగండి. మీ బేరం ఆ నాలుగింట్లో ఒకదాని మీద పడకూడదు.

ఇక సాధన, మన ఊళ్లోనే. పన్నెండు వారాలు. మొదటి నాలుగు వారాలు వారానికి నాలుగు రోజులు అయిదు కిలోమీటర్ల వడి నడక, కేబీఆర్ పార్కు బయటి దారి చాలు. తర్వాత మెట్లు. గోల్కొండ బాలా హిస్సార్ ఎక్కితే సుమారు 120 మీటర్లు. లక్ష్మీవన్ నుంచి చక్రతీర్థం ఎక్కుడు సుమారు 500, అంటే గోల్కొండ నాలుగుసార్లు, కొసరుతో. కోట తెరిచేసరికి ఎండెక్కుతుంది కాబట్టి తెల్లవారుజామున మౌలాలి గుట్ట మేలు. అదీ దూరమైతే మీ అపార్ట్‌మెంట్: పది అంతస్తులంటే 30 మీటర్లు, పదిహేడుసార్లు. లిఫ్టులో దిగారో, సగం సాధన పోయినట్టే! తొడ ముందు కండరం సాగుతూ బరువు మోసేది దిగేటప్పుడే, ఎనిమిదో రోజు మోకాళ్లు ఏడ్చేది దానికే. చివరి నాలుగు వారాలు వీపున ఏడెనిమిది కిలోల సంచి, శనివారం అనంతగిరి, ఆదివారం మళ్లీ మెట్లు, వరసగా రెండు రోజులు. భువనగిరి రాతి మీద నడిస్తే బండ మీద పాదం ఎలా నిలుస్తుందో తెలుస్తుంది. 2014లో ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ తొలి శిక్షణ ఆ రాతి మీదే.

ఇప్పుడు ప్రశ్నలు.

అలిపిరి మెట్లు ఏటా ఎక్కుతాం. అది సరిపోతుందా?

3,550 మెట్లు ఎక్కేవాళ్లకు కాళ్లు సరిపోతాయండీ. నిజానికి చక్రతీర్థం రోజు నికర ఎక్కుడు తిరుమల కంటే తక్కువ. కానీ తిరుమలలో గాలి మన గాలే. కాళ్లకు కాదు పరీక్ష.

కర్పూరం వాసన చూస్తే ఊపిరి ఆడుతుందంటారు. చిన్న ఆక్సిజన్ సీసాలు కూడా అమ్ముతున్నారు.

కర్పూరం ముక్కు తెరిచినట్టు అనిపింపజేస్తుంది, రక్తంలో ఆక్సిజన్ పెంచదు. సీసా మీద పది లీటర్లని రాసి ఉంటే, నిమిషానికి రెండు లీటర్ల చొప్పున అయిదు నిమిషాలు. అయిదు నిమిషాల తర్వాత? దాని బదులు బదరీనాథ్‌లో ఇంకో రాత్రి గది తీసుకోండి.

వేలికి పెట్టే ఆక్సీమీటర్‌లో ఎంత చూపిస్తే దిగాలి?

ఒక్క అంకె పట్టుకుని తీర్పు చెప్పొద్దు. 4,000 పైన 80ల్లో ఉండటం చాలామందికి మామూలే. వేళ్లు చల్లగా ఉన్నా, గోళ్ల రంగు ఉన్నా తప్పు చూపిస్తుంది. చెయ్యి వెచ్చబరచి, అయిదు నిమిషాలు కూర్చోబెట్టి చూడండి. తోటివాళ్లందరికీ 85 ఉండి ఒకరికి 70 ఉంటే, ఆ మనిషిని చూడండి. మాట ఎలా ఉంది, ఆయాసం ఉందా, గీత మీద నడుస్తున్నాడా.

షుగర్ ఉంది, ఇన్సులిన్ వాడతాను.

మీ డాక్టరు సరే అంటేనే. ఇన్సులిన్ గడ్డకడితే పనికిరాదు. పగలు లోపలి జేబులో, రాత్రి స్లీపింగ్ బ్యాగులో ఒంటికి ఆనించి ఉంచాలి. చలికి గ్లూకోమీటర్ తప్పు చూపించొచ్చు లేదా పనిచేయకపోవచ్చు, దాన్నీ అలాగే వెచ్చగా. మీ మందులు ఎక్కడున్నాయో, మీరు తూలితే ముందు ఏం ఇవ్వాలో ఇద్దరికి తెలిసి ఉండాలి.

సరస్సు ఒడ్డునే గుడారం వేసుకోకూడదా? సూర్యోదయం చూడాలని.

ముందు ఎత్తు లెక్క చూడండి: చక్రతీర్థం కంటే 450 మీటర్లు పైన పడక, 500 దాటకపోయినా వరసగా మూడో రాత్రి ఎక్కుడు, అదీ మరుసటి రోజు దిగడానికి కాళ్లు మిగలని రాత్రి. రెండోది, అది పూజించే నీరు. మాణావాళ్లు తమవాళ్ల అస్థికలు అక్కడ కలుపుతారు. సబ్బూ, గిన్నెల కడుగుడూ దాంట్లోకి పోకూడదు. మలవిసర్జన ఎక్కడైనా సరే నీటికి 60 మీటర్ల దూరంలో గొయ్యి తీసి, కాగితం మాత్రం సంచిలో వెనక్కి.

సెప్టెంబర్ చివర్లో వెళ్దామనుకుంటే ఇప్పటి నుంచి ఏం చేయాలి?

సెప్టెంబర్ 20న బయల్దేరతారనుకుందాం. పన్నెండు వారాలు వెనక్కి లెక్కపెడితే జూన్ 28. ఆ రోజు నడక మొదలు. బూట్లు ఆగస్టు 10 లోపల కొనాలి, సాయంత్రం పూట, పాదం కాస్త ఉబ్బి ఉన్నప్పుడు, నడకకు వేసుకునే మందపాటి మేజోడుతో. లేసులు కట్టకుండా పాదం ముందుకు తోస్తే మడమ వెనక ఒక వేలు పట్టాలి. లేకపోతే దిగుడులో బొటనవేలి గోరు నల్లబడి ఊడుతుంది. ఆ బూట్లతోనే మౌలాలి, ఆ బూట్లతోనే అనంతగిరి, ఆఫీసుకు కూడా అవే, ఎవరేమన్నా సరే. (నవ్వులు) సెలవు దరఖాస్తు మాత్రం జూన్‌లోనే పెట్టండి. ఏడు రోజులు.